ఇద్దరిలో ఒకరైనా

పింఛను కాగితాలు సిద్ధం చేసుకుంటున్న రోజులలో మా దంపతులిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఫోటో తీశారు. విరమణ పత్రాలకు ఉమ్మడి ఫోటో జతపరచాలన్నది నిబంధన. పెళ్ళినాటి ఫోటో తర్వాత మేమంత బిగుసుకుపోయి కూర్చున్నది మళ్ళీ అప్పుడే. స్టూడియో నుంచి ఇంటికి వస్తూ మా ఆవిడ అడిగింది: “ఏమండీ, మనిద్దరిలో ఒకరైనా ఉన్నంతకాలం డబ్బు వస్తుందనేగా ఈ ఫోటోకు అర్థం?”

“అవును. నేనుంటే మొత్తం, నువ్వొక్కదానివే మిగిలితే కొంత తగ్గించి” అన్నాను.

ఆవిడ మరేమీ అడగలేదు. నాకు మాత్రం ఆ “ఒకరైనా” అన్న మాట మనసులో ఉండిపోయింది. జీవితమంతా తెలుగు వ్యాకరణం చెప్పినవాణ్ణి కనుక మొదట మాట దగ్గరే ఆగాను. “కాఫీయా, టీయా?” అని అడిగితే రెండింటిలో ఒకటే ఇస్తారు. “ఇద్దరిలో ఒకరైనా రండి” అంటే ఇద్దరూ వచ్చినా తప్పు లేదు. లెక్కల పుస్తకాలలో ఈ రెండు అర్థాలకూ “లేదా” అన్న ఒకే మాట వాడి పిల్లలను తికమక పెడతారు. “ఒకరైనా” అంటే ఏ అనుమానమూ ఉండదు. మన ఇళ్ళలో మాట్లాడే మాటకు ఉన్న స్పష్టత పాఠ్యపుస్తకం మాటకు లేకపోయింది.

ఈ మాట వెంట పడి గత కొన్ని నెలలుగా నేను చదివినదంతా సంభావ్యతా గణిత చరిత్ర. నేను లెక్కల మనిషిని కాను. తప్పులుంటే మిత్రులు సవరిస్తారన్న ధైర్యంతో వ్రాస్తున్నాను.

ఈ లెక్కతో నాకు పూర్వపరిచయం ఒకటుంది, అదీ గర్వపడదగినది కాదు. ఒక సంవత్సరం పదవ తరగతి అర్ధసంవత్సర పరీక్షల ఫలితాల నివేదిక వ్రాసే పని నా మీద పడింది. తరగతిలో 40 మంది. లెక్కలలో తప్పినవారు 23, ఆంగ్లంలో తప్పినవారు 19. రెండూ కూడి “తప్పిన విద్యార్థులు 42” అని చక్కని దస్తూరీతో వ్రాసి ప్రధానోపాధ్యాయుల బల్ల మీద పెట్టాను. లెక్కల మాస్టారు ఆ కాగితం చూసి, “పంతులుగారూ, పరీక్షకు రాని ఇద్దరిని కూడా తప్పించారే!” అన్నారు. రెండింటిలోనూ తప్పినవారు 14 మంది. వారిని నేను రెండుసార్లు లెక్కపెట్టాను. నిజంగా ఏదో ఒక దానిలోనైనా తప్పినవారు 23 కూడిక 19 తీసివేత 14, అనగా 28 మంది. ఆనాడు సిగ్గుతో కాగితం చింపివేశాను గాని, ఇదే పొరపాటు చేసిన మహానుభావులున్నారని అప్పటికి తెలియదు.

వారిలో మొదట చెప్పవలసినవాడు ఇటలీ దేశపు జెరోలమో కార్డనో (1501–1576). వైద్యుడు, జ్యోతిష్కుడు, బీజగణితంలో మహాపండితుడు, వీటన్నింటితో పాటు జూదరి. ఏళ్ళ తరబడి చదరంగమూ పాచికలూ ఆడానని ఆత్మకథలో తానే ఒప్పుకున్నాడు. పెద్ద కొడుకు భార్యకు విషం పెట్టిన నేరానికి 1560లో మరణశిక్ష పొందాడు. ఆ దుఃఖం నుంచి తండ్రి చివరిదాకా కోలుకోలేదంటారు. జూదం మీద ఆయన వ్రాసుకున్న లాటిన్ పుస్తకం ఆయన పోయిన 87 ఏళ్ళకు, 1663లో అచ్చయింది. అచ్చుకోసం సంస్కరించినది కాదు, చేసిన తప్పులూ దిద్దుబాట్లూ రెండూ అలాగే ఉన్నాయి. అందుకే నాకు అది విలువైనదిగా తోచింది. పిల్లవాడి రఫ్ పుస్తకం చూస్తేనే గదా వాడు ఎలా ఆలోచించాడో తెలిసేది.

పాచికకు ఆరు ముఖాలు. ఒకసారి వేస్తే మనం కోరిన అంకె పడటానికి ఆరింట ఒక వంతు అవకాశం. అలాగైతే మూడుసార్లు వేస్తే మూడు ఆరవ వంతులు, అనగా సగం అవకాశం ఉండాలని కార్డనో ఒకచోట వ్రాశాడు. వినడానికి ఎంతో సబబుగా ఉంది. కాని అదే తర్కంతో ఆరుసార్లు వేస్తే తప్పక పడాలి. ఆరుసార్లు వేసినా ఒంటి పడక పందెం పోగొట్టుకున్నవాడు లోకంలో ఎందరో!

పొరపాటు నా నివేదికలోని పొరపాటే. మూడు వేతలకు మొత్తం 216 ఫలితాలు. మొదటి వేతలో ఒంటి పడేవి 36, రెండవదానిలో 36, మూడవదానిలో 36, వెరసి 108. సరిగ్గా సగం. అయితే మొదటి రెండు వేతలలోనూ ఒంటి పడిన 6 ఫలితాలు ఇందులో రెండుసార్లు వచ్చాయి. అటువంటి జంటలు మూడున్నాయి కనుక 18 తీసివేయాలి. తీసివేస్తే మరొక చిక్కు. మూడు వేతలలోనూ ఒంటి పడిన ఒకే ఒక్క ఫలితాన్ని మూడుసార్లు కలిపి, మూడుసార్లు తీసివేశాము. అది లెక్కలోనే లేకుండా పోయింది. దాన్ని తిరిగి కలపాలి. 108 తీసివేత 18 కూడిక 1, మొత్తం 91. సగం కాదు, 216లో 91, నూటికి 42 మాత్రమే. ఒంటి అసలు పడని ఫలితాలు అయిదు అయిదుల అయిదులు 125. 216 నుంచి తీసివేసినా అదే 91 వస్తుంది.

విచిత్రమేమంటే అదే పుస్తకంలో మరొకచోట రెండు పాచికలకు కార్డనో సరిగ్గానే లెక్కకట్టాడు. రెండింటిలో ఒకదానిమీదైనా ఒంటి పడే ఫలితాలు 36లో 12 కావు, 11 అన్నాడు. ఒంటి గాని రెండు గాని పడేవి 20, మూడుదాకా అయితే 27 అన్నాడు. అనగా సత్యం తెలిసిన తరువాత కూడా పాత తప్పును కొట్టివేయలేదు. ఆ రెండూ ఒకే పుస్తకంలో ఒకదాని పక్కన ఒకటి నూరేళ్ళు పడి ఉన్నాయి.

ఛందస్సు మీద అభిమానం ఉన్న మిత్రులకు ఇదే విషయం పాచికలు లేకుండా చెప్పవచ్చు. మూడక్షరాల గణాలు ఎనిమిది. గురువుతో మొదలయ్యేవి నాలుగు: మ, ర, త, భ. గురువుతో ముగిసేవి నాలుగు: మ, ర, య, స. మొదటగాని చివరగాని గురువున్న గణాలు ఎన్ని? నాలుగూ నాలుగూ ఎనిమిదని చెబితే నగణమూ జగణమూ వచ్చి మా సంగతేమిటని అడుగుతాయి. మ, ర రెండు పట్టీలలోనూ ఉన్నాయి కనుక అవి ఒకసారి పోగా మిగిలేవి ఆరు.

ఒకటికన్నా ఎక్కువ ఘటనలకు చెందే ఈ భాగాన్ని “అతివ్యాప్తి” అని వ్రాయడం కొన్ని అనువాదాలలో చూశాను. తర్కం చదివినవారికి ఇది కాస్త గుచ్చుకుంటుంది. అన్నంభట్టు తర్కసంగ్రహం సంప్రదాయంలో అతివ్యాప్తి అంటే లక్షణానికి పట్టే దోషం. కొమ్ములున్నది ఆవు అంటే గేదెకు కూడా వర్తిస్తుంది, అది అతివ్యాప్తి. ఇక్కడ దోషం ఘటనలలో లేదు, లెక్కపెట్టేవాడి చేతిలో ఉంది. నేను “ఉమ్మడి భాగం” అనే అంటాను. అన్నదమ్ముల ఆస్తిలో ఉమ్మడి బావిని ఇద్దరి వాటాలలోనూ వ్రాసుకుంటే ఏమవుతుందో మనకు వేరే చెప్పనక్కరలేదు.

1654లో పాస్కల్, ఫెర్మా ఇద్దరూ ఉత్తరాలు వ్రాసుకున్న కథ అందరూ చెప్పేదే కనుక దాటిపోతున్నాను. వారికి రెండు మూడు వేతల లెక్కలకు “అసలు పడనివి ఎన్ని?” అని ఎదురునుంచి చూసే ఉపాయం చాలింది. ఆ ఉపాయం పనిచేయని ప్రశ్న 1708లో వచ్చింది.

ఆ ఏడు ఫ్రాన్సులో పియేర్ రేమోఁ ద మోన్మోర్ అనే ధనిక గృహస్థు జూదాల గణితంపై ఒక గ్రంథం ప్రచురించాడు. అందులో “త్రేజ్”, అంటే పదమూడు, అన్న పేకాట ఉంది. తేలికగా చెప్పాలంటే, ఒకటి నుంచి పదమూడు దాకా ఉన్న ముక్కలను కలిపివేసి, “ఒకటి, రెండు, మూడు” అని పైకి లెక్కిస్తూ ఒక్కొక్కటే తిప్పాలి. ఎక్కడైనా నోట పలికిన అంకె, చేత తిరిగిన ముక్క ఒకటైతే గెలుపు. ఒక్కసారైనా అలా కలిసే అవకాశమెంత?

దీన్ని నేను బడి భాషలోకి మార్చుకున్నాను. దిద్దిన నోటు పుస్తకాలు కలిసిపోయాయి. పేర్లు చూడకుండా పంచాను. ఒక్కడికైనా తన పుస్తకమే వచ్చే అవకాశమెంత? ముగ్గురు పిల్లలైతే, ఒక్కొక్కడికి తన పుస్తకం వచ్చే అవకాశం మూడింట ఒకటి, ముగ్గురికీ కూడితే 1. ఇద్దరికి ఒకేసారి తమవి వచ్చే అవకాశం ఆరింట ఒకటి, మూడు జంటలకు సగం, అది తీసివేయాలి. ముగ్గురికీ తమవే వచ్చే ఆరింట ఒకటి కలపాలి. మూడింట రెండు వంతులు వస్తుంది. పిల్లలు నలుగురైతే ఎనిమిదింట అయిదు. అయిదుగురైతే ముప్పైలో పందొమ్మిది.

పిల్లలు పెరిగేకొద్దీ ఈ అవకాశం పెరుగుతుందా, తగ్గుతుందా? కాసేపు ఊహించి చూడండి. నేను తగ్గుతుందనుకున్నాను, పుస్తకాలు ఎక్కువైతే ఎవడి పుస్తకం వాడికి చేరడం కష్టం గదా అని. మా మనవడు పెరుగుతుందన్నాడు, పిల్లలు ఎక్కువైతే ఎవడో ఒకడికైనా రాదా అని. రెండూ కావు. పైకీ కిందికీ కాస్త ఊగి, 0.632 దగ్గర నిలిచిపోతుంది. పదమూడు ముక్కలకూ అంతే, నలభైమంది తరగతికీ అంతే, నాలుగువేలమందికీ అంతే. ఒక్కటి నుంచి సగం తీసి, ఆరవ వంతు కలిపి, ఇరవైనాలుగవ వంతు తీసి, నూట ఇరవయ్యవ వంతు కలిపి, ఇలా సాగిపోయే శ్రేణి అది.

మోన్మోర్ 1708లో జవాబు ఇచ్చాడు గాని ఉపపత్తి ఇవ్వలేదు. స్విట్జర్లాండు బెర్నూలీల వంశంలోని నికొలాస్‌తో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలు చేర్చి 1713లో రెండవ ముద్రణ వేశాడు. అందులో ఉంది ఉపపత్తి, కలిపి, తీసి, మళ్ళీ కలిపే పద్ధతిలో. కార్డనో రఫ్ పుస్తకం నుంచి ఇక్కడికి రావడానికి సుమారు నూటయాభై ఏళ్ళు పట్టింది.

ఈ పద్ధతిని ఒక్క ఆటకు కాక ఎటువంటి ఘటనలకైనా వర్తించేలా విస్తరించి చెప్పినవాడు అబ్రహాం డి మోయర్. ఇంటర్మీడియట్ పిల్లలకు సంకీర్ణ సంఖ్యల దగ్గర ఈ పేరు పరిచయం. 1667లో ఫ్రాన్సులో ప్రొటెస్టెంటు కుటుంబంలో పుట్టాడు. 1685లో పద్నాలుగవ లూయీ ప్రొటెస్టెంట్లకు ఉన్న రక్షణ శాసనాన్ని రద్దు చేయడంతో కొంతకాలం నిర్బంధంలో ఉండి, తరువాత లండను చేరాడు. అక్కడ ఆయన బ్రతుకు ట్యూషన్లు చెప్పడం. ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి నడిచే దారిలో చదువుకోవడానికి న్యూటన్ ప్రిన్సిపియా పుటలు చింపి జేబులో పెట్టుకొనేవాడని చెబుతారు. 1697లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది గాని విశ్వవిద్యాలయంలో కొలువు ఏనాడూ రాలేదు. పరాయి దేశస్థుడు. స్లాటర్స్ అనే కాఫీ హోటలులో కూర్చుని జూదరులకూ, డబ్బు వ్యవహారాలవారికీ లెక్కలు కట్టి ఇచ్చి కూలి పుచ్చుకొనేవాడు. 1718లో “డాక్ట్రిన్ ఆఫ్ ఛాన్సెస్” ప్రచురించి న్యూటన్‌కు అంకితమిచ్చాడు. మోన్మోర్ తన గ్రంథానికి తగిన గౌరవం ఇవ్వలేదని ఈయన మీద అలిగాడు. ఆ తగాదా మనకెందుకు?

నేను ఇంతదాకా వచ్చి ఆగిపోయేవాణ్ణే. పేకముక్కల లెక్క ఎంత అందంగా ఉన్నా పేకముక్కల లెక్కే గదా. కాని డి మోయర్ దగ్గరకు డబ్బు వ్యవహారాలవారు ఎందుకు వచ్చేవారని వెదకగా, మా ఉమ్మడి ఫోటో అక్కడ కనిపించింది.

ఆ రోజులలో ఇంగ్లండులో ఒక ఏర్పాటు ఉండేది. ముందు పెద్ద మొత్తం చెల్లిస్తే, బ్రతికి ఉన్నంతకాలం ఏటా కొంత సొమ్ము ముడుతుంది. మన పాత మాట “వర్షాశనం” దానికి సరిగ్గా సరిపోతుంది. ఒక మనిషి మీద వర్షాశనం కొనవచ్చు, ఇద్దరి మీద కొనవచ్చు, ముగ్గురి మీదా కొనవచ్చు. ఇద్దరి మీద కొన్నప్పుడు రెండు రకాలు. ఇద్దరూ ఉన్నంతకాలమే ముట్టేది ఒకటి, ఇద్దరిలో ఒకరైనా ఉన్నంతకాలం ముట్టేది మరొకటి. దేనికి ఎంత ధర కట్టాలి? తక్కువ కడితే అమ్మినవాడు మునుగుతాడు, ఎక్కువ కడితే కొన్నవాడు మోసపోతాడు. పైగా మనిషి వయసు చూడకుండా ధర కట్టడం ఆనాటి అలవాటు. నాలుగేళ్ళ పిల్లకూ అరవయ్యేళ్ళ ముసలాయనకూ ఒకటే వెల!

దీన్ని మొదట గట్టిగా పట్టించుకున్నవాడు తోకచుక్క హాలీయే, ఎడ్మండ్ హాలీ. జర్మను పట్టణమైన బ్రెస్లావులో (ఇప్పుడది పోలండులోని వ్రోత్స్వాఫ్) కాస్పర్ నాయ్‌మన్ అనే మతాచార్యుడు 1687 నుంచి 1691 వరకు అయిదేళ్ళ జననమరణాలను వయసులతో సహా లెక్కించి పంపాడు. వాటి నుంచి హాలీ 1693లో ఒక పట్టిక తయారుచేశాడు. ఒకటవ ఏట 1000 మంది ఉన్నారనుకుంటే 30వ ఏటికి 531 మంది, 40కి 445, 50కి 346, 60కి 242, 70కి 142 మంది మిగులుతారు. ఆ అంకెలు చదువుతుంటే, పాఠశాల హాజరుపట్టీలో ఒక్కొక్క పేరే కొట్టివేస్తున్నట్టు అనిపించింది.

ఈ పట్టికతో ఒక లెక్క కట్టి చూశాను. భర్తకు 40, భార్యకు 30. ఇరవై ఏళ్ళ తరువాత ఇద్దరిలో ఒకరైనా ఉండే అవకాశమెంత? భర్త ఉండటానికి 445లో 242, అనగా 0.544. భార్య ఉండటానికి 531లో 346, అనగా 0.652. రెండూ కూడితే 1.196. నూటికి నూట ఇరవై! 40 మంది తరగతిలో 42 మంది తప్పినట్టే. ఇద్దరూ ఉండే అవకాశం, ఒకరి చావుబ్రతుకులతో మరొకరివి ముడిపడి లేవనుకుంటే, రెండింటి లబ్ధం 0.354. అది ఒకసారి తీసివేస్తే 0.841. భార్య ఒక్కతే మిగిలి ఉండే అవకాశం 0.652 నుంచి 0.354 పోగా 0.298, దాదాపు పదింట మూడు. హాలీ దీన్ని బొమ్మ గీసి చూపాడు. దీర్ఘచతురస్రం ఒక భుజం భర్త వయసువారు, రెండవ భుజం భార్య వయసువారు. ఒక్కొక్క భుజాన్నీ బ్రతికినవారు, పోయినవారుగా విభజిస్తే లోపల నాలుగు గదులు వస్తాయి. ఇద్దరూ ఉన్న గది, అతడొక్కడే ఉన్న గది, ఆమె ఒక్కతే ఉన్న గది, ఎవరూ లేని గది. ముగ్గురి సంగతికి పెట్టె ఆకారం చెప్పాడు.

హాలీ పద్ధతిలో ప్రతి సంవత్సరానికీ ఇలా గుణించుకుంటూ పోవాలి. కాగితాలు నిండిపోతాయి. 1725లో డి మోయర్ వర్షాశనాల మీద ఒక చిన్న పుస్తకం వేసి ఆ శ్రమ తగ్గించాడు. హాలీ పట్టికలో మనుషుల సంఖ్య ఏటా ఇంచుమించు సమానంగా తగ్గుతూ పోవడం గమనించి, 86వ ఏటికి ఎవరూ మిగలరని పెట్టుకుని సులభసూత్రాలు చెప్పాడు. అది ఉరమరిక లెక్కే. నాకు ముఖ్యమనిపించింది మరొక సూత్రం. ఇద్దరిలో ఒకరైనా ఉన్నంతకాలం ముట్టే వర్షాశనం ధర ఎంత? భర్త ఒక్కడి మీద ధర, భార్య ఒక్కతె మీద ధర కలిపి, ఇద్దరూ కలిసి ఉన్నంతకాలానికి కట్టే ధర అందులోనుంచి తీసివేయి. ముగ్గురైతే మూడు ఒంటరి ధరలు కలుపు, మూడు జంటల ధరలు తీసివెయ్యి, ముగ్గురి ఉమ్మడి ధర కలుపు. పాచికల దగ్గర 108 తీసివేత 18 కూడిక 1 అనుకున్నామే, అదే ఇది. కార్డనో పందెం కాచిన అంకెల స్థానంలో ఇప్పుడు మొగుడూ పెళ్ళామూ వచ్చి కూర్చున్నారు.

మా ఆవిడకు దీన్ని ఇలా చెప్పాను. “నా పేర ఒకటి, నీ పేర ఒకటి, రెండు వర్షాశనాలు కొన్నామనుకో. ఇద్దరమూ ఉన్నన్నాళ్ళు రెండు వస్తాయి. మనకు ఒకటే చాలు కనుక రెండవది తిరిగి ఇచ్చేస్తాము. తిరిగి ఇచ్చేదాని ఖరీదు ముందే తగ్గించుకుంటారు, అంతే.” ఆవిడ వెంటనే, “మరి నేనొక్కదాన్నే మిగిలాక వచ్చేదాని ఖరీదు?” అంది. నీ ఒక్కదాని ధరలోనుంచి ఇద్దరి ఉమ్మడి ధర తీసివేస్తే మిగిలేదే అది అన్నాను. వితంతువు వర్షాశనానికి సూత్రం అదే.

దాని మీద నిజంగా ఒక నిధి కట్టారు. స్కాట్లండులో చర్చి మతాచార్యులు జీతం మీద బ్రతికేవారు. ఆచార్యుడు పోతే భార్యాబిడ్డలు ఆ ఇల్లు కూడా ఖాళీ చేయవలసి వచ్చేది. రాబర్ట్ వాలెస్, అలెగ్జాండర్ వెబ్‌స్టర్ అనే ఇద్దరు ఆచార్యులు ఊరూరా వివరాలు తెప్పించి, మొత్తం సుమారు 930 మంది ఆచార్యులలో ఏటా సగటున 27 మంది పోతారనీ, వారిలో 18 మంది భార్యలను విడిచి పోతారనీ తేల్చారు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడైన కోలిన్ మక్లారిన్ హాలీ పట్టిక సాయంతో వారి లెక్కలు సరిచూశాడు. 1744లో చట్టమై నిధి మొదలయింది. అంతకు ముందు దానధర్మాల మీద నడిచిన ఇటువంటి ప్రయత్నాలు ఎప్పుడు ఖాళీ అవుతాయో తెలియకుండా ఉండేవి. ఈ నిధి ఏ ఏటికి ఎంత ఉంటుందో ముందే పుస్తకంలో వ్రాసి పెట్టి, ఆ వ్రాతకు అతి దగ్గరగా నడిచింది. బ్రెస్లావులో ఎవరో అజ్ఞాతులు పోయిన లెక్క, స్కాట్లండులో పుట్టని బిడ్డల తల్లులకు అన్నం పెట్టింది.

డి మోయర్ పెళ్ళి చేసుకోలేదు. జంటల వర్షాశనాలకు సూత్రాలు వ్రాసినవాడు ఒంటరిగానే 1754లో, 87వ ఏట పోయాడు.

ఇక్కడ నాకు ఒక శంక మిగిలిపోయింది. పైన 0.354 తెచ్చినప్పుడు “ఒకరి చావుబ్రతుకులతో మరొకరివి ముడిపడి లేవనుకుంటే” అని ఒక మాట జారవిడిచాను. మొగుడూ పెళ్ళాల విషయంలో అది నిజమా? ఒకే ఇల్లు, ఒకే బావి నీళ్ళు, ఒకే కుంపటి మీద వంట. ఊరికి కలరా వస్తే ఇద్దరికీ వస్తుంది. కలిపి తీసే సూత్రానికి ఈ ముడితో పని లేదు, అది ఎప్పుడూ నిజమే. ఉమ్మడి భాగాన్ని గుణకారంతో రాబట్టడమే అనుమానాస్పదం. ఈ రెండింటినీ కలిపేసి ఒకే పాఠంగా చెప్పడం వల్ల చాలామందికి సూత్రమే అలా ఉందన్న భ్రమ కలుగుతుంది.

ముడి సంగతి ఏమీ తెలియనప్పుడు ఎంతవరకు చెప్పవచ్చు? ఈ ప్రశ్న వేసినవాడు జార్జ్ బూల్. బడిపంతులు. పెద్ద చదువులు లేకుండా పందొమ్మిదో ఏట లింకన్‌లో సొంతంగా బడి పెట్టి నడిపి, 1849లో ఐర్లండులోని కార్క్ కళాశాలలో ఆచార్యుడయ్యాడు. 1854లో వెలువడిన ఆలోచనా నియమాల గ్రంథంలో, విడివిడి సంభావ్యతలు మాత్రమే తెలిస్తే ఉమ్మడిది ఏ హద్దుల మధ్య ఉండాలో చెప్పే దారి చూపాడు. మన జంటకే చూడండి. 0.544, 0.652 కూడితే 1.196. అవకాశం ఒకటిని మించరాదు కనుక ఉమ్మడి భాగం కనీసం 0.196 ఉండితీరాలి. ఇద్దరిలో చిన్నదానిని మించరాదు కనుక 0.544 దాటదు. దానినిబట్టి ఇద్దరిలో ఒకరైనా ఉండే అవకాశం 0.652కు తగ్గదు. జతగా బ్రతికి జతగా పోయే దంపతులకు అదే వర్తిస్తుంది. (సరిగ్గా అదే 1854లో పోర్చుగీసు నౌకాదళాధికారి డనియెల్ ద సిల్వా కలిపి తీసే సూత్రాన్ని సంఖ్యాశాస్త్రంలో సాధారణరూపంలో అచ్చువేశాడు. చాలాకాలం ఎవరూ చూడలేదు. ఫ్రెంచివారు దాన్ని పొయింకారే పేర పిలుస్తారు. సూత్రం ఒకటే, తండ్రులు నలుగురు.)

బూల్ 1855లో మేరీ ఎవరెస్టును పెళ్ళాడాడు. మన దేశపు సర్వేయర్ జనరల్‌గా పనిచేసి, హిమాలయ శిఖరానికి పేరైన జార్జ్ ఎవరెస్టు ఆమెకు పెదతండ్రి. 1864లో బూల్ వానలో తడుస్తూ కళాశాలకు నడిచి వెళ్ళి తడిబట్టలతోనే పాఠం చెప్పాడు. జ్వరం ఊపిరితిత్తులకు దిగి డిసెంబరు 8న పోయాడు. వయసు 49. మేరీకి 32, చేతిలో అయిదుగురు ఆడపిల్లలు. లండనులో గ్రంథాలయ ఉద్యోగం చేసి పిల్లలను పెంచింది, లెక్కలు చెప్పే పద్ధతుల మీద పుస్తకాలు వ్రాసింది, 1916 దాకా బ్రతికింది. హాలీ గీసిన నాలుగు గదులలో ఒకే గదిలో 51 ఏళ్ళు.

మరొకవైపు 1969లో ముగ్గురు బ్రిటిష్ పరిశోధకులు ఒక వైద్య పత్రికలో ప్రచురించిన వ్యాసం ఉంది. 55 ఏళ్ళు దాటిన 4486 మంది విధురులను, భార్య పోయిన నాటి నుంచి ఏళ్ళ తరబడి వెంబడించారు. మొదటి ఆరు నెలలలో 213 మంది పోయారు. అదే వయసు వివాహిత పురుషుల లెక్కతో చూస్తే రావలసినదానికన్నా ఇది 40 శాతం ఎక్కువ. తరువాత ఆ తేడా క్రమంగా తగ్గి మామూలు స్థాయికి వచ్చింది. వ్యాసానికి వారు పెట్టిన పేరుకు అర్థం “పగిలిన గుండె”. గుణకారం చేసి తెచ్చిన ఉమ్మడి భాగం ఎక్కడ తప్పుతుందో ఈ అంకెలలో ఉంది.

ఇవన్నీ మా ఆవిడకు చదివి వినిపించాను. మేరీ బూల్ దగ్గర “పాపం, అయిదుగురా?” అంది. చివరి వ్యాసం విన్నాక కాసేపాగి, “ఆ నలభై శాతం మగవాళ్ళ లెక్కేనా?” అని అడిగింది.

అవునన్నాను. ఆ పరిశీలన జరిగింది మగవారి మీదే.

ఆవిడ లేచి, నా బీపీ మాత్ర, మంచినీళ్ళ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది.